మాటల్లేకుండా ఊదిన పాట

కిందటి నెల నెల్లూరులో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. బయట హాల్లో పాతిక ముప్పై మందిమి కూర్చున్నాం. గోడకి పైన బిగించిన పెట్టెలోంచి పాత సినిమా పాటలు సన్నగా వస్తున్నాయి. పాడేవాళ్లు లేరు, ఒట్టి వేణువు, వెనక తబలా. నా పక్కనావిడ కళ్లలో మందు వేయించుకుని రెప్పలు మూసుకుని ఉంది. వేణువు ఏ మాట దగ్గరికి వస్తే ఆమె పెదాలు ఆ మాట పలుకుతున్నాయి. ఎదురుగా ఉన్న పెద్దాయన అయితే చరణం మధ్యలో ఒక మాటకి తనలో తను నవ్వుకున్నాడు కూడా. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. కాంపౌండరు వచ్చి, కళ్లు తిరుగుతున్నాయా అమ్మా అని అడిగాడు. లేదన్నాను.

మాటల్లేని పాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది. దానికి కారణం ఒక క్లారినెట్ ఆయన. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరూ ఆ ఊరి పేరూ రాయను. పేర్లు రాస్తే ఇంకా బతికి ఉన్న ఇద్దరు ముగ్గురికి కష్టం కలుగుతుంది.

అరవైల మొదట్లో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్యనున్న ఒక చేపల పల్లెలో నన్ను టీచరుగా వేశారు. మాది సంగం. వరి తప్ప మరొకటి తెలియని ఇల్లు. మా అమ్మని తోడు తీసుకుని వెళ్లాను. మాకు అద్దెకిచ్చిన ఇంటి పక్కిల్లే ఆయనది.

పదిహేనో ఏట మద్రాసు పారిపోయి ఏదో బ్యాండులో పదేళ్లు పనిచేసి, ఒక క్లారినెట్టూ, ఇత్తడి గుండీల ఎర్రకోటూ తీసుకుని తిరిగొచ్చాడట. తెప్ప ఎక్కితే వాంతి చేసుకునేవాడు. చేపలు పట్టే ఊళ్లో అంతకంటే నవ్వులాట ఏముంటుంది? ఊరంతా ఆయన్ని ఒడ్డుమనిషి అనేది. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. క్లారినెట్ మూతికి బిగించే రెల్లుపుల్లని బీడీలాగా చెవి మీద పెట్టుకుని తిరిగేవాడు. వాయించబోయే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని చాలాసేపు నానబెట్టేవాడు. ఆ కాసేపూ ఎవరేం అడిగినా కనుబొమలతోనే జవాబు. పెళ్లిళ్ల రోజుల్లో చింతపండు తగిలిన కూర ముట్టేవాడు కాదు. పులుపు తింటే పెదవి జారుతుందనేవాడు.

సినిమా పాటలు వాయించడంలో ఆయనకొక పంతం ఉండేది. సూళ్లూరుపేట టెంటులో కొత్త బొమ్మ పడితే ఒకసారి లోపల కూర్చుని చూసేవాడు. మర్నాడు మళ్లీ వెళ్లి టెంటు బయట ఇసకలో కూర్చుని వినేవాడు. లోపలుంటే హీరోయిన్ ముఖం పాటని సగం తినేస్తుందని చెప్పేవాడు. తిరిగొచ్చేటప్పుడు పాటల పుస్తకం కొని తెచ్చి నా చేతికిచ్చేవాడు. ఆయనకి చదువు రాదు. నేను ఒక్కొక్క మాటా చదవాలి. "ల"నా "ళ"నా అని అడిగేవాడు. ఏదైతే ఏమిటి, ఊదేది గాలే కదా అని ఒకసారి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"వినేవాళ్లకి మాట వినపడాల టీచరమ్మా. లేకపోతే ఊరికే కూతే కదా" అన్నాడు.

నిజంగానే వినపడేది. చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు, ఆయన పంచలో కూర్చుని ఊదుతుంటే, చేతిపని ఆపకుండా మాటలు అందుకునేవాళ్లు. ఆయన ఎక్కడ దీర్ఘం తీస్తే వాళ్లూ అక్కడ తీసేవాళ్లు.

ఆయన బతుక్కి ఆధారం తమ్ముడు. పదేళ్లు చిన్న. తల్లీ తండ్రీ పోయాక మద్రాసు నుంచి వచ్చింది వాడి కోసమే. వాడు సముద్రం మీద మంచి పనిమంతుడు. పెళ్లయింది. ఆ ఏడు ఒక సినిమాలో ఒక సరసమైన పాట వచ్చింది. హీరో వీపు వెనక పూలు దాచుకుని నిలబడితే హీరోయిన్ ఆటపట్టిస్తూ పాడుతుంది, "చూశానులే, నీ చేతిలో ఏముందో చూశానులే" అని. తమ్ముడికి ఆ పాటంటే పిచ్చి. శ్రుతి లేకుండా పెద్ద గొంతుతో పాడుతూ పెళ్లాన్ని ఏడిపించేవాడు. ఆ పాట మాటలు అన్నదమ్ములిద్దరికీ చదివి చెప్పింది నేనే.

ఊరి పెద్దకి ఆరు తెప్పలు, ఒక నావ ఉండేవి. తమ్ముడు వాటి మీదే పనికి పోయేవాడు. అప్పుడే కొత్తగా నైలాన్ వలలు వస్తున్నాయి. ఆ చుట్టుపక్కల మొదటి నైలాన్ వల ఆయన తెచ్చాడు. దాన్ని ఊరంతా ముట్టి చూసి వచ్చింది. కార్తీకంలో ఒక సాయంత్రం ఆ వలని సముద్రంలో వేసి వచ్చారు. రాత్రికే గాలి తిరిగింది. తెల్లవారేసరికి అలలు లేచాయి. ఎవరూ తెప్ప దించలేదు. ఆ వల కోసం తమ్ముడు ఒక్కడూ దించాడు. మధ్యాహ్నానికి తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకొచ్చాయి. వాడు మూడోనాడు, నాలుగు మైళ్లు దక్షిణాన దొరికాడు.

పదకొండో రోజు వెళ్లాక ఊరి కూటం పెట్టారు. పెద్ద తన మాటగా చెప్పింది ఇది. "నేను పోవద్దన్నాను. ఆ కుర్రోడు వల మీద ఆశపడి, దాన్ని ఎత్తుకుపోయి వేరే ఊళ్లో అమ్ముకుందామని, చెప్పకుండా నా తెప్ప తీసుకుపోయాడు. తెప్పా పోయింది, వలా పోయింది."

క్లారినెట్ ఆయన లేచి, తను చూశానన్నాడు. ఆయనకి తెల్లవారుజామున ఇసక దిబ్బ మీద కూర్చుని సాధన చేసుకునే అలవాటు. తమ్ముడు వద్దు మామా వద్దు అన్నట్టు చెయ్యి ఊపడం, పెద్ద తన చేత్తో తెడ్డు తెచ్చి వాడి చేతిలో పెట్టి సముద్రం వైపు చూపించడం తను దిబ్బ మీంచి చూశానన్నాడు. కూటంలో ఎవరో, అంత దూరం నుంచి నీకు తెడ్డు కనపడిందా అని అడిగారు. ఇంకెవరో, సముద్రం ఎక్కనోడికి తెడ్డంటే తెలుసా అన్నారు. కొందరు నవ్వారు. తమ్ముడు చచ్చిన పన్నెండో రోజున.

తీర్పు చెప్పారు. ఊరి పెద్దలు వేసే కట్టుబాటుని అక్కడ దురాయి అంటారు. దురాయి ప్రకారం ఆ ఇంటివాళ్లు ఏడాది పాటు సముద్రంలో వల వెయ్యకూడదు, ఒడ్డున చేప కొని అమ్మకూడదు. చేపల గంప మీద బతికే తమ్ముడి భార్య ఇంక మూడు మైళ్లు నడిచి సరుగుడు తోటల్లో కూలికి పోవాలి. వాడు దొంగ అని కాగితం మీద ఉండాలి.

ఆ కాగితం నేను రాశాను. ఊళ్లో చదువుకున్న మనిషిని నేనే కాబట్టి పిలిపించారు. చాప వేసి కూర్చోబెట్టారు. పెద్ద చెబుతుంటే రాశాను. "యజమాని అనుమతి లేకుండా" అన్న మాటలు నావే. ఆయన వాడుక భాషలో చెప్పినదాన్ని నేను చక్కటి భాషలోకి మార్చాను. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు. క్లారినెట్ ఆయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"రాయండి టీచరమ్మా, మీ చేతిరాత బావుంటది" అన్నాడు.

ఊరి పెద్దకున్న తెప్పల తెడ్లన్నీ రోజూ సాయంత్రం ఆయన ఇంట్లోకి చేరతాయనీ, గదికి తాళం వేసి ఉంటుందనీ, ఆయన ఇవ్వనిదే ఏ తెప్పా కదలదనీ నాకు తర్వాత వారానికి తెలిసింది. మా అమ్మకి చేపలిచ్చే ఆవిడ మాటల్లో చెప్పింది. ఆ సంగతి కూటంలో ప్రతి మనిషికీ తెలుసు. తెలిసే నవ్వారు. నేను ఒక్క ప్రశ్న వేసి ఉంటే బయటికి వచ్చేది.

నెల రోజులు ఆయన ఇంట్లోంచి క్లారినెట్ వినపడలేదు. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున, ఊరి పెద్ద తన తెప్పలు దించడానికి ఒడ్డుకి వచ్చే వేళకి, దిబ్బ మీంచి పాట వచ్చింది. చూశానులే, నీ చేతిలో ఏముందో చూశానులే. సినిమాలో ఉన్నట్టు గంతులు వేస్తూ లేదు. చాలా నిదానంగా, శవం వెనక నడిచే మేళం లాగా ఉంది. "లే" దగ్గర స్వరాన్ని పట్టుకుని, కొంచెం కిందికి వంచి, ఊపిరి ఉన్నంతసేపూ వదల్లేదు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా ముఖం చూసింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజుకొకసారి, ఊరి పెద్ద అడుగు ఇసక మీద పడేసరికి. మొదట్లో ఊరు వినీ విననట్టు ఊరుకుంది. కానీ పాట అందరికీ కంఠతా వచ్చు. ఆడవాళ్లు చేపలు కోస్తూ కోస్తూ పెదాలు బిగించుకునేవాళ్లు. కూటంలో నవ్వినవాళ్లు దారి మార్చి నడవడం మొదలుపెట్టారు. బళ్లో ఎక్కాలు చెబుతుంటే వెనక వరసలో ఎవరో ఆ వరస కూనిరాగం తీసేవాళ్లు. నేను కర్ర తీసుకుని లేచి, మళ్లీ కూర్చునేదాన్ని. ఏమని కొట్టను?

ఊరి పెద్ద కూటం పిలిచాడు. ఆ పాట వాయించకుండా దురాయి వెయ్యమన్నాడు. కూటం చిక్కులో పడింది. అందులో తప్పేముందో ఎవరైనా చెప్పాలి కదా. ఎవరూ చెప్పరు. క్లారినెట్ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఊదేది గాలి. మాటలు నా దగ్గర లేవు. ఎవురికన్నా ఇనపడినాయంటే వాళ్లనే చెప్పమనండి, ఏం ఇనపడినాయో" అన్నాడు.

కూటం తలలు వంచుకుని లేచిపోయింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. దాని వెంటనే భయం కూడా వేసింది. ఆ పాట పెద్ద కోసమే అనుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. నా చేతిలో కూడా ఆ రోజు కలం ఉంది.

పంచాయతీ గదిలో ఒక రేడియో ఉండేది. పైన కప్పు మీద గొట్టం లాంటి స్పీకరు. సాయంత్రం సినిమా పాటల వేళకి ఊరు అక్కడ చేరేది. ఒక రోజు అందులోనూ ఆ పాటే వచ్చింది, అసలు గొంతుతో, మాటలతో. జనం కదలకుండా విన్నారు. మర్నాటి నుంచి రేడియో మూగబోయింది. బ్యాటరీ పాడయిందని పెద్ద చెప్పాడు. ఆయనే ఊడదీయించాడని అందరికీ తెలుసు.

ఒకసారి నేనే అడిగాను, ఎన్నాళ్లు వాయిస్తారని. అప్పటికి ఆయన పాటల పుస్తకాలు నా దగ్గరికి తేవడం మానేశాడు. గోడ మీంచే మాట్లాడేవాడు, అదీ నేను పలకరిస్తేనే. ఆయన క్లారినెట్ తుడుచుకుంటూ, తమ్ముడు ఎన్నాళ్లు పోయాడో అన్నాళ్లు అన్నాడు.

ఏడాది గడిచింది. ఊరి పెద్దకి నిద్ర తగ్గిందనీ, అన్నం దగ్గర ఉలిక్కిపడుతున్నాడనీ ఊళ్లో అనుకునేవాళ్లు. ఆయన కూతురి పెళ్లి కుదిరింది. సరస్సు అవతలి ఊరి సంబంధం. మగపెళ్లివారు ఒక్కటే కోరారు, మేళంలో ఈ ఊరి క్లారినెట్ ఉండాలని. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన సినిమా పాటలంటే అంత మోజు. తప్పక పెద్ద తనే స్వయంగా ఆయన ఇంటికి వచ్చాడు. మా గోడకి ఇవతల నేనూ మా అమ్మా ఊపిరి బిగబట్టి విన్నాం. పెళ్లిలో ఆ ఒక్క పాటా వద్దన్నాడు.

"సరే మామా. ఆ పాట ఊదను. మాటిస్తా ఉండాను" అన్నాడు ఆయన.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఎర్రకోటు గుండీలు తోమించుకుని వచ్చాడు. ముహూర్తానికి సన్నాయి వాయించినవాళ్లు పక్కకి తప్పుకున్నాక అందుకున్నాడు. ఆ రోజు ఆయన వాయించినట్టు ఎన్నడూ వినలేదు. ఒక పాట తర్వాత ఒక పాట, అన్నీ పెళ్లికి తగినవే, ఎంత తీపిగా ఉన్నాయో. మగపెళ్లివాళ్లు అడిగినవన్నీ వాయించాడు. కానీ ప్రతి పాటా ముగిసేటప్పుడు ఒక్క క్షణం ఆగేవాడు. పుల్లని తడుపుకుని పెద్ద వైపు చూసేవాడు. ఆ క్షణం మా ఊరి వాళ్లందరూ కూడా పెద్ద వైపు చూసేవాళ్లు. ఊరి పెద్ద భుజాలు పైకి లేచేవి. అప్పుడు ఇంకో పాట, వేరేది, మొదలయ్యేది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇలాగే జరిగింది. పప్పు వడ్డిస్తున్న మనిషి గరిటె పట్టుకుని ఆగిపోవడం నేను చూశాను.

మూడు గంటల వేళ పెళ్లికూతురిని సాగనంపడానికి రేవు దగ్గరికి నడిచాం. మగపెళ్లివాళ్ల పడవలు సిద్ధంగా ఉన్నాయి. మేళం ముందు నడుస్తోంది. నీటి అంచుకి చేరాక ఆయన పాట ముగించి, క్లారినెట్ దించి, ఆగాడు. ఈసారి క్షణం కంటే ఎక్కువే ఆగాడు.

"ఊదరా" అన్నాడు పెద్ద. గొంతు పీలగా వచ్చింది. "ఊదెయ్యి, ఇంకెంతసేపు?"

"ఏ పాట మామా?"

"అదే."

"ఏదో చెప్తే ఊదతా. పాట మాటలు చెప్పు మామా."

పెద్ద చెప్పాడు. తన నోటితో, అందరి ముందూ, చూసినానులే, నీ చేతిలో ఏముందో చూసినానులే అని మామూలు మాటల్లా చెప్పాడు. మగపెళ్లివారి వైపు ఒక ముసలాయనకి ఏమీ అర్థం కాలేదు. ఏం చూసినాడయ్యా అని మామూలుగానే అడిగాడు. ఊరి పెద్ద భార్య కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆ చెయ్యి వదిలింది.

"తెడ్డు ఇచ్చింది చూసినాడు. ఆ పొద్దు నేనూ ఆడే ఉండా, గంజి తీసుకొని పొయ్యినా. ఆ బిడ్డ పోనంటే పొమ్మన్నాడు" అని చెప్పింది.

అంతే చెప్పి, కూతురిని పడవ ఎక్కించింది. మగపెళ్లివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పడవలు తోసుకుని వెళ్లిపోయారు. పెళ్లి చెడలేదు. ఆ అమ్మాయి బాగానే బతికింది. తమ్ముడి భార్య జనం వెనకాల, సరుగుడు తోట పని నుంచి వస్తూ ఆగి, కట్టెలమోపు తలమీద పెట్టుకునే నిలబడి ఉంది. మోపు దించలేదు. చుట్టూ ఉన్నవాళ్లు దారి ఇస్తే మధ్యలోంచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది. క్లారినెట్ ఆయన ఆమె వెనక నడిచాడు. ఏమీ వాయించలేదు.

మూడో రోజు కూటం దురాయి ఎత్తేసింది. గడువు అప్పటికే తీరిపోయి నెలయింది, అయినా ఎత్తేశామని చెప్పారు. పెద్దరికం ఇంకొకరికి పోయింది. తమ్ముడు దొంగ కాదని కొత్త కాగితం రాయడానికి మళ్లీ నన్నే పిలిచారు. ఈసారి ఒక్కొక్క మాటా క్లారినెట్ ఆయన్ని అడిగి రాశాను. "బలవంతం మీద" అని రాయనా అని అడిగితే, "తెడ్డు చేతికిచ్చి" అని కూడా రాయమన్నాడు. రాశాను. చదివి వినిపించాను. పాత కాగితం చింపబోతుంటే తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఇక ఆపుతాడనుకున్నారు అందరూ. ఆపలేదు. మర్నాడు తెల్లవారుజామున దిబ్బ మీంచి మళ్లీ అదే పాట. పాత పెద్ద ఒడ్డుకి రావడం మానేస్తే, అతని ఇంటి ముందు నుంచి నడుచుకుంటూ ఊదాడు. ఊళ్లో కొందరు వచ్చి, న్యాయం జరిగింది కదన్నా, ముసలోడు చచ్చిపోతాడు, వదిలెయ్యమన్నారు. నిన్న మొన్నటిదాకా పెదాలు బిగించుకున్నవాళ్లే. ఆయన వాళ్ల మాట వినలేదు. ఆ వేసవిలో పాత పెద్ద తన తెప్పలమ్ముకుని, చెప్పకుండా, సరస్సు అవతల చుట్టాల ఇంటికి వెళ్లిపోయాడు. పడవ కనపడినంతసేపూ ఆయన ఎర్రకోటు వేసుకుని నీళ్లలో మోకాలి లోతున నిలబడి ఊదుతూనే ఉన్నాడు. ఒడ్డున జనం ఆయన్ని తప్పుపట్టారు. నేను పట్టలేదు. నాకు ఆ ముసలాయన మీద జాలి కలగలేదు, ఇప్పటికీ కలగలేదు.

నన్ను మనుబోలుకి మార్చారు. మూడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం గూడూరు స్టేషన్లో ఒకే బెంచీ మీద కలిశాం. ఆయన ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. ఇంక ఊదలేనన్నాడు, క్లారినెట్ ఎవరికో ఇచ్చేశాడట. మరదలు మళ్లీ చేపల గంప ఎత్తుతోందని చెప్పాడు. మా అమ్మ ఎలా ఉందని అడిగాడు. పోయిందన్నాను. నేను ఎన్నో రోజులుగా అనుకుంటున్నది అప్పుడు అనేశాను. ఆ రోజు అడక్కుండా రాశాను, తప్పు చేశాను, నా మీద కోపం పెట్టుకోవద్దన్నాను.

ఆయన రైలు పట్టాల వైపు చూశాడు.

"కోపం ఉండాది టీచరమ్మా. మీరు ఆయన మాదిరి కాదు. అందుకని తగ్గించుకుందామని చూసినా. తగ్గలా" అన్నాడు.

నెమ్మదిగా లేచి, సంచి తీసుకుని, వెళ్లి అవతలి బెంచీ మీద కూర్చున్నాడు. రైలు గంట ఆలస్యం. ఆ గంటా మేమిద్దరం రెండు బెంచీల మీద కూర్చున్నాం. నెల్లూరు వైపు బండి ముందు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంటే ఆయన కనపడుతున్నాడు, ఇటే చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపలేదు. ఊపితే మర్యాదకి ఆయన కూడా ఊపాల్సి వచ్చేది.